ఒకే ఇంట్లో అమ్మకి 48 ఏళ్లకి, తమ్ముడికి 21కి మానసిక జబ్బు వచ్చింది. ఇప్పుడు 15 ఏళ్ల పాప గురించి భయంగా ఉంది

#1 గోదారి_గట్టు

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మాది నిడదవోలు దగ్గర పల్లె. ఇల్లు, పాడి, కూలీల లెక్కలు అన్నీ ఒంటి చేత్తో చూసుకున్న మా అమ్మకి 48వ ఏట, మా పిన్ని తన అన్నంలో ఏదో కలుపుతోందని అనుమానం మొదలైంది. తన బియ్యం తనే కడుక్కుని, చిన్న గిన్నెలో విడిగా వండుకుని, మిగిలిన అన్నం ఉన్న ఆ గిన్నెని పాత చీర ముక్కలో మూటకట్టి తలగడ పక్కన పెట్టుకుని పడుకునేది. మిగతా విషయాల్లో మనిషి మామూలే, పాల లెక్కలో రూపాయి తేడా వచ్చేది కాదు. ఆ మరుసటి ఏడాదే తమ్ముడు ఇంజినీరింగ్ మధ్యలో హాస్టల్ నుంచి వచ్చేశాడు. అప్పుడు వాడికి 21. కిటికీలకి న్యూస్ పేపర్లు అంటించి, ఎదురింటి టీవీలో తన గురించే మాట్లాడుతున్నారనేవాడు. స్నానం మానేశాడు. ఒకరి తర్వాత ఒకరికి రావడంతో ఊళ్లో చేతబడి అన్నారు, తాయెత్తులు కట్టారు, చాలా డబ్బు పోయింది. చివరికి డాక్టర్లు ఇద్దరిదీ స్కిజోఫ్రీనియా వర్గం జబ్బే అన్నారు. అమ్మ మందులతో చాలావరకు కోలుకుంది, ఇప్పటికీ మాత్ర వేసుకుంటూ పెరటి పని చేసుకుంటుంది. తమ్ముడికి మాత్రం ఇప్పుడు 40 దగ్గర పడుతున్నా చదువు పూర్తి చేయలేదు, ఉద్యోగం లేదు, పెళ్లి లేదు, మందులు వాడుతూ ఇంట్లోనే ఉన్నాడు.

ఇప్పుడు మా పాపకి 15, పదో తరగతి. కొన్ని నెలలుగా మాట తగ్గిపోయింది. సంక్రాంతికి ఇంటినిండా జనం ఉంటే మేడమీద గదిలోంచి కిందికి దిగలేదు. ఇష్టంగా వెళ్లే సంగీతం క్లాసు మానేసింది. తలనొప్పి అంటుంది, కళ్లు పరీక్ష చేయిస్తే బాగానే ఉన్నాయన్నారు. అర్ధరాత్రి దాటినా నిద్రపోదు, పొద్దున లేవదు. లెక్కల్లో మార్కులు సగానికి పడిపోయాయి. ఏమన్నా అంటే కస్సుమంటుంది, లేకపోతే ఏడుస్తుంది.

అమ్మది, తమ్ముడిది ఒకే జబ్బు అయితే ఒకరికి 48కి ఎందుకు, ఒకరికి 21కి ఎందుకు వచ్చింది? పాపకి ఇప్పుడే మొదలైందా? ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మా ఆయన ఊరికే భయపడుతున్నావంటారు.

#2 నిజం_చెప్తా

ముందు ఫోన్ తీసుకోండి మేడమ్. ఈ వయసు పిల్లలందరూ ఇంతే. మా అన్నయ్య కూతురూ ఇలాగే గదిలోంచి బయటికి వచ్చేది కాదు, ఫోన్ తీసేస్తే నెలలో దారికొచ్చింది. ప్రతిదానికీ జబ్బు పేరు పెడితే పిల్ల నిజంగానే జబ్బు మనిషి అవుతుంది.

#3 వైజాగ్_పీజీ

అక్కా, నేను సైకియాట్రీలో పీజీ చేస్తున్నాను. పాపని చూడకుండా ఆమెకి ఏముందో చెప్పకూడదు. కానీ మీరు అడిగిన రెండు వయసుల సంగతికి మాత్రం మంచి సమాధానమే ఉంది, కొంచెం వివరంగా చెప్తాను.

సైకోసిస్ జబ్బులు, అంటే లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు పట్టుకోవడం ఉండే స్కిజోఫ్రీనియా లాంటివి, మగపిల్లల్లో ఎక్కువగా 18 నుంచి 25 మధ్య బయటపడతాయి. ఆడవాళ్లలో సగటున మూడు నాలుగేళ్లు ఆలస్యం. ఆడవాళ్లలో ఇంకో విషయం కూడా ఉంది, 45–50 దగ్గర, అంటే నెలసరి ఆగే రోజుల్లో, కొత్త కేసులు మళ్లీ కొంచెం పెరుగుతాయి. మగవాళ్లలో ఆ రెండో పెరుగుదల కనిపించదు. జర్మనీలోని మన్‌హైమ్‌లో హైన్జ్ హాఫ్నర్ అనే సైకియాట్రిస్టు బృందం మొదటిసారి ఆస్పత్రిలో చేరినవాళ్లతోనూ వాళ్ల ఇంటివాళ్లతోనూ కూర్చుని, అసలు మొట్టమొదటి మార్పు ఎప్పుడు కనిపించిందో అడుగుతూ వెనక్కి వెళ్లి ఈ సంగతి రాబట్టింది. ఈస్ట్రోజెన్ హార్మోన్ మెదడుకి కొంత కాపు కాస్తుందనీ, అది తగ్గే వయసులో అప్పటిదాకా అణిగి ఉన్న జబ్బు బయటికొస్తుందనీ వాళ్ల వివరణ. మీ అమ్మగారి వయసు, ఆ అనుమానం తీరు, మిగతా వ్యవహారం చెక్కుచెదరకపోవడం, మందులకి బాగా లొంగడం, ఇవన్నీ ఆలస్యంగా మొదలైనవాళ్లలో మేం తరచూ చూసేవే.

తమ్ముడికి ఎందుకు అంత నష్టం జరిగిందో కూడా ఇందులోనే ఉంది. జబ్బు ఎంత తీవ్రం అన్నదొక్కటే లెక్క కాదక్కా, ఏ వయసులో వచ్చి పడిందన్నది కూడా అంతే ముఖ్యం. అమ్మగారికి 48 నాటికే కాపురం, పిల్లలు, పని నేర్పు, ఊళ్లో ఒక స్థానం ఉన్నాయి, జబ్బు వాటిని కదిలించింది గానీ తీసుకుపోలేదు. తమ్ముడికి 21కి ఇంకా అవేవీ ఏర్పడలేదు. చదువు, ఉద్యోగం, తోడు, అన్నీ సరిగ్గా సంపాదించుకోవాల్సిన ఐదారేళ్లు పోయాయి. మందుతో గొంతులు తగ్గించగలం, ఆ ఏళ్లు మాత్రం మందు తెచ్చివ్వలేదు. మన్‌హైమ్ వాళ్లు చూపించింది కూడా ఇదే. మొదటి మార్పు కనిపించిన రోజుకీ ఆస్పత్రిలో చేరిన రోజుకీ మధ్య సగటున దాదాపు ఐదేళ్లు గడిచాయి. ఆ ఐదేళ్లలో ఎక్కువగా కనిపించినవి గొంతులు, అనుమానాలు కావు. దిగులు, ఉత్సాహం లేకపోవడం, మనుషులకి దూరంగా ఉండటం, చదువులో వెనకబడటం.

ఇది చదివి మీకు గుండె జారి ఉంటుంది, పాప లక్షణాలు కూడా అవే కదా అని. కానీ అవే లక్షణాలతో వచ్చే 15 ఏళ్ల ఆడపిల్లల్లో చాలా ఎక్కువమందికి ఉండేది డిప్రెషన్ లేదా యాంగ్జైటీ. పన్నెండేళ్ల లోపు ఆడ, మగ పిల్లల్లో డిప్రెషన్ దాదాపు సమానం. రజస్వల అయ్యే వయసు నుంచి ఆడపిల్లల్లో పెరిగి రెట్టింపు అవుతుంది, 13–15 మధ్య తేడా ఇంకా ఎక్కువ. ఇక వంశం సంగతి. మామూలు జనంలో స్కిజోఫ్రీనియా వచ్చే అవకాశం సుమారు ఒక శాతం. అమ్మమ్మకో మేనమామకో ఉంటే అది నాలుగైదు శాతం, ఇద్దరికీ ఉంటే ఇంకొంత ఎక్కువ అనుకోవాలి. అంటే ఇలాంటి ఇళ్లలో పుట్టిన పిల్లల్లో కూడా అత్యధికులకి అది రాదు. ఒక్కటి మాత్రం దాచను. కుటుంబంలో బలంగా ఉన్నప్పుడు ఆడపిల్లలకి ఉండే ఆ ఆలస్యం తగ్గుతుంది. అందుకే భయపడక్కర్లేదు గానీ, చూద్దాంలే అని పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా ఆగొద్దు.

ఈ రోజే పాపతో ఒంటరిగా కూర్చుని మూడు అడగండి. ఎవరూ లేనప్పుడు గొంతులు వినిపిస్తున్నాయా, ఎవరైనా తనని గమనిస్తున్నారని అనిపిస్తోందా, చచ్చిపోవాలనిపిస్తోందా. మూడోది అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామంది భయపడతారు, అలా జరగదు. అడిగితే పిల్లలకి గుండె తేలికవుతుంది.

#4 నిజం_చెప్తా

మీరు చదువుకున్నవారు, కాదనను. కానీ మా చిన్నప్పుడు ఇన్ని డిప్రెషన్లు లేవు. ఫోన్ వచ్చాకే ఇదంతా.

#5 వైజాగ్_పీజీ

ఫోన్ నిద్ర చెడగొడుతుంది, నిద్ర చెడితే మనసు చెడుతుంది, అంతవరకు మీతో ఏకీభవిస్తాను సార్. కానీ న్యూజిలాండ్‌లో డునెడిన్ అనే ఊళ్లో 1972–73లో పుట్టిన 1,037 మంది పిల్లల్ని ఇప్పటిదాకా వదలకుండా పరీక్షిస్తూ వస్తున్నారు. వాళ్లకి 13–15 ఏళ్లు వచ్చింది 1980ల్లో, అప్పుడు ఏ ఇంట్లోనూ సెల్‌ఫోన్ లేదు. ఆ వయసులోనే అక్కడి ఆడపిల్లల్లో డిప్రెషన్ మగపిల్లల్ని దాటడం మొదలై, 15–18 మధ్య తేడా బాగా పెరిగింది. ఆ ఊరి పిల్లల్లోనే 45 ఏళ్లు వచ్చేసరికి 86 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక మానసిక జబ్బుగా లెక్కకొచ్చే స్థాయిని తాకారు. చాలామందికి ఒకటే జబ్బు అలాగే ఉండిపోలేదు. ఒక వయసులో భయం, ఇంకో వయసులో దిగులు, మరో వయసులో తాగుడు, అలా మారుతూ వచ్చాయి.

రాత్రి రెండింటికి ఫోన్ పట్టుకున్న పిల్ల ఫోన్ వల్ల మేలుకుందా, నిద్ర పట్టక ఫోన్ పట్టుకుందా అన్నది పిల్లని అడిగితేనే తెలుస్తుంది.

#6 వేపపువ్వు

నేను కరీంనగర్ దగ్గర గవర్నమెంట్ హైస్కూల్ల టీచర్‌ను. మా స్టాఫ్ రూములో రోజూ వినేది చెప్తా. మగపిల్లగాడు బెంచీలు ఎక్కి దుంకితే, పక్కోని కొడితే, పేరెంట్స్‌ను పిలిపిస్తం, కౌన్సెలింగ్ అంటం. వెనుక బెంచీల ఒక ఆడపిల్ల కిటికీ దిక్కు చూసుకుంట కూసుంటే మంచి పిల్ల, గొడవ చెయ్యది అంటం. ఏడీహెచ్‌డీ అంటే అల్లరి ఒక్కటే అనుకుంటం గదా, ఆడపిల్లలల్ల అది ఎక్కువగా ధ్యాస నిలవకపోవుడు, వస్తువులు పోగొట్టుకొనుడు, సగం రాసి ఆపుడు లెక్క ఉంటది. ఆటిజం కూడా అంతే, మగపిల్లలల్లనే ఎక్కువ గుర్తిస్తరు. ఎనిమిదేండ్లకు దొరకాల్సిన ఆడపిల్ల డిగ్రీల దిగులుతోటి డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు దొరుకుతది.

ఇంకొకటి, చెప్పకుండా ఉండలేను. ఏడో తరగతి దాకా సైకిల్ మీద వచ్చి కబడ్డీ ఆడిన పిల్ల, పెద్దమనిషి అయిన ఫంక్షన్ అయినంక ఆటో ఎక్కి వచ్చి ఆటోలనే పోతది. గ్రౌండుకు రాదు. దోస్తులింటికి పంపరు. ఆ ఫంక్షన్ ఫొటోలల్ల ఎంత నగలు పెట్టుకుని నవ్వినా, ఆ పిల్లకు ఉన్న చిన్న లోకం సగం తగ్గిపోయింది. హార్మోన్ల గురించి డాక్టర్ తమ్ముడు చెప్పింది నిజమే, కానీ అదే నెలల మనం చేస్తున్న ఈ పనిని గూడ లెక్కల కలపాలె. నోరు విప్పి చెప్పుకోలేని చేతలు, బస్సుల, చుట్టాలిండ్లల్ల, ఆ వయసులనే మొదలైతయి. చెల్లే, నీ బిడ్డను ఆ సంగతి గూడ మెల్లగ అడుగు.

#7 గోదారి_గట్టు

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి అడిగాను. గొంతులు లేవంది. అందరూ తనని చూసి నవ్వుకుంటున్నారనిపిస్తుంది అంది, కానీ నిజంగా నవ్వుతున్నారా అంటే ఏమో, నాకే అలా అనిపిస్తుందేమో అంది. మూడోది అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "లేకుండా పోతే మీకు బరువు తగ్గుతుంది కదమ్మా" అంది. మామయ్యలా అయిపోతానేమో, నీకు మళ్లీ అదే అవుతుందేమో అని ఏడ్చింది. నాకు కాళ్లు చేతులు ఆడటం లేదు.

#8 వైజాగ్_పీజీ

అక్కా, ఇది వెంటనే చేయండి. ఇంట్లో ఇద్దరి మందులు ఉన్నాయి కదా, అమ్మగారివి, తమ్ముడివి. అన్నీ బీరువాలో పెట్టి తాళం మీ దగ్గర ఉంచుకోండి, ఏ రోజు మాత్ర ఆ రోజే తీసి ఇవ్వండి. పొలం మందు డబ్బాలు ఇంటి ఆవరణలో ఉంటే ఇవాళే అక్కడి నుంచి తీసేయించండి. మన జిల్లాల్లో ప్రాణం మీదికి తెచ్చేవి ఎక్కువగా ఇవే. పిల్ల దగ్గర రాత్రి మీరు పడుకోండి. 14416 కి ఫోన్ చేయండి, టెలీ మానస్, ప్రభుత్వానిదే, డబ్బు అక్కర్లేదు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. ఈ వారం దాటకుండా సైకియాట్రిస్టుకి చూపించండి. ఈలోగా చనిపోతానని గట్టిగా అన్నా, ఏదైనా ప్రయత్నం చేసినా, వారం ఆగకుండా దగ్గరి పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి.

ఒక్క ఊరట మాట. "నాకే అలా అనిపిస్తుందేమో" అని తనే అనగలిగింది చూశారా, సైకోసిస్‌లో సాధారణంగా ఆ సందేహం ఉండదు.

#9 తోడబుట్టినవాడు

నాది ఖమ్మం. మా అక్కకి 26కి వచ్చింది. అక్కా, మీ పోస్టులో తమ్ముడికి పెళ్లి లేదని బాధగా రాశారు. మా ఇంట్లో దానికి తలకిందులు జరిగింది. లక్షణాలు కనిపించగానే పెళ్లి చేస్తే కుదురుకుంటుందని పెద్దలు తొందరపెట్టి చేశారు. మందులు దాచి పంపారు. దాచిన మాత్రలు సరిగా వేసుకోలేదు, ఒళ్లు పెరుగుతోందని, నెలసరి తప్పుతోందని కొన్ని తనే ఆపేసింది. ఏడాది తిరక్కుండా తిరగబెట్టింది. వాళ్లు తెచ్చి గుమ్మం ముందు దింపి వెళ్లారు. విడాకులూ లేవు, కాపురమూ లేదు.

మద్రాసులో శారదా మీనన్ గారు స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన స్కార్ఫ్ సంస్థ వాళ్లు, మొదటిసారి జబ్బుపడినవాళ్లని పాతికేళ్ల దాకా వెంట ఉండి చూశారు. పదేళ్ల తర్వాత లెక్క చూస్తే పెళ్లి కాకుండా మిగిలినవాళ్లలో మగవాళ్లు ఎక్కువ, పెళ్లి విరిగినవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. చదివినప్పుడు మా ఇల్లే కనిపించింది. మగవాడికి జబ్బొస్తే అమ్మో పెళ్లామో చూసుకుంటుంది, ఆడదానికొస్తే ముసలి తల్లిదండ్రులే దిక్కు, వాళ్ల తర్వాత ఎవరన్నది ఎవరూ మాట్లాడరు.

ఆడపిల్లలకి మందులు రాసేటప్పుడు ఒళ్లు, నెలసరి, రేపు గర్భం సంగతి డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవాలి. వాల్‌ప్రోయేట్ అనే మందు గర్భంలో బిడ్డకి చాలా హాని చేస్తుంది, పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లకి వీలైనంతవరకు ఇవ్వకూడదు. అయినా అమ్మాయి అని చూడకుండా రాసేవాళ్లున్నారు. అలాగని ఇంట్లో మీకు మీరుగా ఆపకండి, డాక్టర్‌ని అడిగి మార్పించుకోండి.

#10 రిటైర్డ్_తహసీల్దార్

అందరూ విదేశీ లెక్కలు చెబుతున్నారు. మన ఉమ్మడి కుటుంబాల్లో, మన తిండిలో, మన పూజల్లో పెరిగినవారికి అదే లెక్క వర్తిస్తుందా? మన దేశంలో ఎవరైనా లెక్క తీశారా? నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

#11 వైజాగ్_పీజీ

తీశారు సార్. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో 34,802 మంది పెద్దవాళ్లని ఇంటింటికీ వెళ్లి అడిగింది. మన రెండు రాష్ట్రాలూ ఆ పన్నెండులో లేవు, అది నాకు బాధగా ఉంటుంది. సర్వే నాటికి ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నవాళ్లు 10.6 శాతం. మగవాళ్లలో 13.9, ఆడవాళ్లలో 7.5. ఇది చూసి ఆడవాళ్లకి తక్కువ అనుకోకూడదు. మద్యం వ్యసనం కలపడం వల్ల మగవాళ్ల అంకె పెరిగింది, డిప్రెషన్ వరకే చూస్తే ఆడవాళ్లదే పైచేయి. 13–17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం, పెద్ద నగరాల్లో అయితే 13.5. జబ్బుని బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందడం లేదు.

మన రాష్ట్రాల గురించి కావాలంటే, 2017 సంవత్సరానికి దేశమంతా అంచనా వేసినప్పుడు ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. అందులో చిన్నతనంలోనే మొదలయ్యే సమస్యలు ఉత్తరాది రాష్ట్రాల్లో ఎక్కువ, పెద్దయ్యాక వచ్చే డిప్రెషన్ దక్షిణాదిలో ఎక్కువ. ఆంధ్ర, తెలంగాణ రెండూ ఆ ఎక్కువ ఉన్న రాష్ట్రాల వరసలోనే ఉన్నాయి.

కుటుంబం గురించి మీరన్నది ఉత్తమాట కాదు. ఆగ్రా, చండీగఢ్ కేంద్రాలుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన పాత అధ్యయనాల్లో, జబ్బు మొదలైనవాళ్లు కోలుకోవడం చాలా ధనిక దేశాలకంటే ఇక్కడే మెరుగ్గా కనిపించింది. దానికి కారణం కుటుంబమేనా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. కుటుంబం జబ్బుని రాకుండా ఆపదు సార్, వచ్చాక మనిషిని వదలకుండా పట్టుకోగలదు.

మొదలయ్యే వయసు కావాలంటే, 192 అధ్యయనాల్లోని ఏడు లక్షల మందికి పైగా జనాన్ని కలిపి 2022లో ఒక పెద్ద లెక్క వచ్చింది. ఏదో ఒక సమస్య మొదలవడానికి ఎక్కువగా కనిపించిన వయసు 14న్నర. మూడో వంతుకి పైగా 14లోపు, దాదాపు సగం 18లోపు, 62.5 శాతం 25లోపు. సగంమందికి మొదలైపోయే వయసు విడిగా చూస్తే, చీకటి, జంతువులు, అమ్మని వదిలి ఉండటం లాంటి భయాలకి 8, తిండి రుగ్మతలకి 18, ఓసీడీకి (వద్దన్నా అదే ఆలోచన, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం) 19, స్కిజోఫ్రీనియా వర్గానికి 25, డిప్రెషన్, బైపోలార్ (కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు మితిమీరిన హుషారు) లాంటివాటికి 31.

#12 సిస్టర్_గుంటూరు

ప్రసవాల వార్డులో స్టాఫ్ నర్సుని. ఆడవాళ్ల వయసు లెక్క చెప్పుకుంటూ కాన్పు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నా. మన దేశంలో బాలింతల్లో వందకి సుమారు 22 మందికి డిప్రెషన్ అని అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్లు చెప్పారు. పాలు పడటం లేదనో, నీరసమనో అనుకుని వదిలేస్తారు. దాని కంటే అరుదు గానీ చాలా ప్రమాదం, కాన్పు తర్వాత వచ్చే సైకోసిస్. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. ఇంటివాళ్లు గాలి సోకిందని వేపమండలు కడతారు, గది మూసి ఉంచుతారు.

ఒక అమ్మాయి, రెండో కాన్పు, మూడో రోజు నుంచి కంటి మీద కునుకు లేదు. నిద్ర రావట్లేదని బాధపడటం కాదు, నిద్రే అక్కర్లేదన్నట్టు హుషారు. బిడ్డ మణికట్టుకి కట్టిన ఆస్పత్రి పట్టీ మీద అంకెలు పదే పదే చదివి, ఈ అంకెలు మారాయి, ఇది నా బిడ్డ కాదు అంది. అత్తగారు దిష్టి అంటున్నారు. మా మేడమ్ అదే గంటలో సైకియాట్రీ వాళ్లని పిలిపించారు, బిడ్డని తల్లి దగ్గరే ఉంచి పక్కన మనిషిని పెట్టారు. కొన్ని వారాల్లో కోలుకుంది. బాలింత రెండు రాత్రులు నిద్ర లేకుండా, నిద్ర అక్కర్లేకుండా ఉందంటే ఇంట్లో పెట్టుకోవద్దు. బెంగళూరు నిమ్హాన్స్‌లో అయితే తల్లీబిడ్డల్ని కలిపి చేర్చుకునే వార్డు 2009 నుంచి ఉంది, మన దగ్గర అలాంటివి రావాలి.

#13 డాలస్_తెలుగు

ఇక్కడికి ఎంఎస్‌కి వచ్చే మన పిల్లల వయసు 22, 23, 24. డాక్టర్ తమ్ముడు చెప్పిన వయసు సరిగ్గా అదే. అప్పు తీసుకుని వచ్చి, చలిలో రాత్రి షిఫ్టులు చేసి, వీసా టెన్షన్‌తో, గదిలో నలుగురున్నా ఎవరితోనూ మాట్లాడని పిల్లాడు మెల్లగా క్లాసులకి వెళ్లడం మానేస్తే రూమ్‌మేట్లు బద్ధకం అనుకుంటారు. వలస వెళ్లినవాళ్లలో సైకోసిస్ రిస్కు ఎక్కువని యూరప్‌లో ఎప్పటినుంచో చూపిస్తున్నారు. దీనికి తోడు కొన్ని రాష్ట్రాల్లో గంజాయి షాపుల్లో దొరుకుతుంది. గంజాయి వాడేవాళ్లలో సైకోసిస్ సగటున 2.7 ఏళ్లు ముందుగా మొదలవుతుందని పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే తేలింది. మీకు ఇంట్లో చరిత్ర ఉంటే పిల్లల్ని పంపేముందు ఈ ఒక్క మాట సిగ్గుపడకుండా చెప్పండి. యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్లు ఉంటాయి, ఎవరికైనా ప్రాణభయం అనిపిస్తే 988కి ఫోన్ చేయొచ్చు, వీసాకి దానివల్ల ఇబ్బంది అని భయపడి ఆగకండి.

#14 చేనుగట్టు

మగవాళ్ల గురించి ఒక మాట. మా నాన్న దిగులుగా ఉన్నాడని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. కోపిష్టి, తాగుబోతు, మొండి అన్నారు. పంట పోయిన ఏడాది నుంచి పొద్దున్నే తాగడం, ఎవరితో మాట్లాడినా గొడవ. 2019లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ సర్వేలో మద్యం తాగే మగవాళ్లు 27.3 శాతం, ఆడవాళ్లు 1.6. ఇప్పుడు ఆత్మహత్యల లెక్క చూడండి, 2022లో దేశం మొత్తం మీద 1,70,924 మంది, అందులో నూటికి 72 మంది దాకా మగవాళ్లే. డిప్రెషన్ ఆడవాళ్లకి ఎక్కువ, చనిపోయేది మగవాళ్లు ఎక్కువ అంటే, మగవాడి డిప్రెషన్‌ని మనం డిప్రెషన్‌గా చూడటం లేదని నాకు అర్థమవుతోంది. ఏడ్చే మనిషిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాం, అరిచే మనిషిని వదిలేస్తాం.

#15 రిటైర్డ్_తహసీల్దార్

బాబూ, వివరంగా చెప్పారు, సంతోషం. మా ఆవిడకి 71. ఈమధ్య చెప్పిందే చెబుతోంది, గ్యాస్ ఆపడం మరిచిపోతోంది. పిల్లలు చాదస్తం అంటున్నారు. ఇదీ మీ శాఖేనా?

#16 వైజాగ్_పీజీ

మా శాఖ, న్యూరాలజీ ఇద్దరం చూస్తాం సార్. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా, అంటే పెద్ద వయసులో వచ్చే మతిమరుపు జబ్బు, ఉందని అంచనా, ఆడవాళ్లలో ఎక్కువ. అయితే ముందు థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించండి. దిగులు కూడా ముసలితనంలో మతిమరుపులాగే కనిపిస్తుంది, అది మందులతో తగ్గుతుంది. నెలల తరబడి మెల్లగా వస్తే డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోవచ్చు. ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా తికమక పడితే మాత్రం అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి, మూత్రంలో ఇన్‌ఫెక్షనో, సోడియం తగ్గడమో, ఇంకేదైనా ఒంటి జబ్బో అయి ఉండొచ్చు.

#17 గోదారి_గట్టు

రాజమండ్రిలో చూపించాం. డాక్టరమ్మ మమ్మల్ని బయట కూర్చోబెట్టి పాపతో చాలాసేపు మాట్లాడారు. డిప్రెషన్, దానితో పాటు జనంలోకి వెళ్లాలంటే భయం అన్నారు. ఇప్పటికైతే సైకోసిస్ ఛాయలు లేవు, కానీ కుటుంబ చరిత్ర రాసుకున్నాం కాబట్టి రెండేళ్ల పాటు కనిపెట్టుకుని ఉంటాం అన్నారు. వారం వారం కౌన్సెలింగ్, చిన్న డోసులో ఒక మాత్ర. మొదటి వారాల్లో చిరాకు, ప్రాణం తీసుకోవాలనే ఆలోచనలు పెరిగితే వెంటనే ఫోన్ చేయమన్నారు. మందుల పెట్టెకి తాళం వేశాను, పొలం మందులు మా బావగారి షెడ్డుకి పంపేశాం.

పాప అడిగిన మొదటి ప్రశ్న మామయ్య గురించే. మామయ్యకి 21కి వచ్చినప్పుడు ఎంతకాలం ఎవరికీ చూపించలేదు అని. రెండేళ్లకి పైగా తాయెత్తులతోనే గడిచిందని చెప్పాను. నన్ను వెంటనే తీసుకొచ్చారు కదా అంది. మా ఆయన కూడా మెత్తబడ్డారు, కౌన్సెలింగ్‌కి తనే తీసుకెళ్తానన్నారు.

స్కూల్లో చెప్పాలా వద్దా? చెబితే పిచ్చి అని పేరు పెడతారేమోనని భయం, చెప్పకపోతే మార్కుల గురించి రోజూ అందరి ముందు నిలబెడుతున్నారు.

#18 వేపపువ్వు

మొత్తం స్కూల్‌కు చెప్పకు చెల్లే. క్లాస్ టీచర్‌ను, హెడ్ మాస్టర్‌ను ఇద్దరినే కలువు. జబ్బు పేరు చెప్పే పని లేదు, ట్రీట్‌మెంట్ నడుస్తుంది, కొన్ని నెలలు అందరి ముందట నిలబెట్టొద్దు, హాజరు తక్కువైతే నాకు ఫోన్ చెయ్యండి అని చెప్పు. డాక్టర్ దగ్గర రెండు లైన్ల లెటర్ తీసుకో, పరీక్షలప్పుడు అక్కరకొస్తది. పాపకు నమ్మకం ఉన్న టీచర్ ఎవరో పాపనే అడిగి, ముందు ఆమెతోటి మాట్లాడు.

#19 వైజాగ్_పీజీ

వేపపువ్వు మేడమ్ చెప్పినట్టే చేయండి. డాక్టరమ్మకి చూపించడానికి ఒక నోటుబుక్ పెట్టుకోండి అక్కా. నిద్ర ఎన్ని గంటలు, స్కూల్‌కి వెళ్లిన రోజులు, గదిలోంచి తనంతట తను బయటికొచ్చిన రోజులు, అంతే. పాపకి ఇష్టమైతే తననే రాయమనండి. ఇంకోటి, తమ్ముడికి ఇప్పుడు 40 దగ్గర కదా, ఆయన మందులు ఎంతకాలంగా అవే ఉన్నాయి? ఈసారి వెళ్లినప్పుడు ఆయన్నీ తీసుకెళ్లి ఒకసారి మందులు, షుగరు, బరువు చూపించండి, పునరావాసం, చిన్న పని నేర్చుకునే అవకాశం గురించి అడగండి. ఆయన వయసు ఇంకా దాటిపోలేదు.